అడగాల్సిన వాళ్ళని అడిగి వెళ్ళండి



ఈ పోస్టు మేం భార్యాభర్తలం ఇద్దరం కలిసి రాస్తున్నాం. పిల్లలు పడుకున్నాక ఒకరు చెప్తుంటే ఒకరు టైపు చేశాం. మధ్యలో రెండుసార్లు గొడవ కూడా పడ్డాం. అందుకే "నేను" అని ఎక్కడా రాయట్లేదు. విడిగా చెప్పాల్సిన చోట "మాలో ఆమె", "మాలో అతను" అని రాస్తాం, అర్థం చేసుకోండి.

పోయిన నెల ఒక తమ్ముడు ఇక్కడ అడిగాడు. వాళ్ళావిడకి పెళ్ళయిన ఎనిమిదేళ్ళకి నర్సింగ్ సీటు వచ్చిందట, ఉద్యోగం మానేసి పిల్లలతో సహా సిటీకి దిగిపోవచ్చా అని. అందరూ "వెళ్ళు తమ్ముడూ, చదువు ముఖ్యం" అన్నారు. తప్పేం లేదు. మేం మాత్రం ఆ రోజు ఏమీ అనలేకపోయాం. ఎందుకంటే మేం అదే పని చేశాం. అది రెండు ముక్కల్లో చెప్పేది కాదు.

ఒక మాట ముందే చెప్తున్నాం. ఈ గ్రూపులో అన్ని నమ్మకాల వాళ్ళూ ఉన్నారు. మాది క్రైస్తవ కుటుంబం, మా పెద్దయ్య ఇప్పటికీ ఊరి దేవతకే మొక్కుతాడు, ఇద్దరం ఒకే కంచం దగ్గర తింటాం. ఇది మతం పోస్టు కాదు. చదువు కోసం ఒక ఇల్లు లేచిపోతే ఏమవుతుందో చెప్పే పోస్టు.

మాది అరకు నుంచి ఆటోలో ముప్పావుగంట లోపలికి వెళ్ళాల్సిన ఊరు. కొండదొరలం. మాలో ఆమె 11 ఏళ్ళు కాంట్రాక్టు ఏఎన్ఎం. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కూడా కట్టి పాసయింది. మాలో అతను ఆశ్రమ పాఠశాలలో సీఆర్టీ, సోషల్ చెప్పేవాడు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో ఎకరన్నర కాఫీ తోట, చెట్లకి మిరియం తీగలు, ఇద్దరి పేర్ల మీద అటవీ హక్కుల పట్టా. పెద్దగా కష్టం లేని బతుకే.

మరి ఎందుకు కదిలాం? మా దగ్గరికి నెలకోసారి కింద నుంచి ఒక పాస్టరు గారు వచ్చేవారు. మంచి మనిషి. వానలో కూడా నడిచి వచ్చేవారు. కానీ ఆయన మాట్లాడేది పుస్తకం తెలుగు. మా అవ్వ తరం వాళ్ళు ఇంట్లో కూబి మాట్లాడతారు, సంతలో ఆదివాసీ ఒరియా, తెలుగు బేరం వరకే. ఒకసారి ఒక ముసలమ్మ చనిపోతే ఆయన గంటసేపు ఓదార్పు మాటలు చెప్పారు. అంతా అయ్యాక ఆమె చెల్లెలు మాలో ఆమె చెయ్యి పట్టుకుని "ఆ బాబు ఏటన్నాడమ్మా?" అని అడిగింది. టీకాలకీ బీపీ మాత్రలకీ ఇల్లిల్లూ తిరిగే మనిషి కదా, కూర్చుని అంతా కూబిలో చెప్పింది. అప్పుడా ముసలమ్మ "నువ్వే సెప్పీ వచ్చు కదా" అంది. అంతే. ఆ మాట రెండేళ్ళు మా ఇంట్లో తిరిగింది. చివరికి మాలో ఆమె 34 ఏళ్ళ వయసులో సెమినరీకి అప్లికేషను పెట్టింది. హైదరాబాద్‌లో నాలుగేళ్ళ బీడీ కోర్సు.

సంఘం కమిటీ ముందు కూర్చున్నప్పుడు అడిగిన మొదటి ప్రశ్న, "ఆడమనిషి చదివొస్తే ఏ సంఘం ఇవ్వాలి?" అని. రెండో ప్రశ్న, "మీ ఆయన ఒప్పుకున్నాడా?" అని. చివరికి సగం ఫీజు కడతామన్నారు. పెద్దయ్య దగ్గరికి వెళ్ళి చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "సదువుకోడానికి ఎళ్తన్నావా, మమ్మల్ని మార్సడానికి సదువుతున్నావా?" అన్నాడు. "మన మాటలోనే చెప్పడానికి పెద్దయ్యా" అంటే, చోళ్ళ బస్తా ఒకటి తెచ్చి ఇచ్చాడు. "ఇటుకల పండక్కి మాత్రం రావాలి. మొక్కక్కర్లేదు. కూకుంటే సాలు" అన్నాడు.

బయలుదేరే ముందు మమ్మల్ని ఎక్కువ భయపెట్టింది కాగితాలు. ఇది జాగ్రత్తగా చదవండి, చాలామందికి ఇప్పటికీ తెలీదు.

"సెమినరీలో చేరితే ఎస్టీ సర్టిఫికెట్ పోతుంది" అని ఊళ్ళో నలుగురు చెప్పారు. అది నిజం కాదు. మత షరతు ఉన్నది ఎస్సీలకి, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో 3వ పేరా. ఎస్టీల ఉత్తర్వులో అలాంటి పేరా లేదు. ఏ దేవుడికి మొక్కినా, ఎవరికీ మొక్కకపోయినా ఎస్టీ ఎస్టీయే. ఈ మాట ఎవరు అడ్డం వేసినా ధైర్యంగా చెప్పండి.

కానీ ఎవరూ చెప్పనిది ఇంకోటి ఉంది. ఎస్టీ హోదా రాష్ట్రంతో ముడిపడి ఉంటుంది. మన రాష్ట్రంలో ఎస్టీ అయినవాడు ఇంకో రాష్ట్రానికి మకాం మారితే, అక్కడి రిజర్వేషన్ అతనికి రాదు. అదే తెగ పేరు అక్కడి జాబితాలో ఉన్నా సరే. 1990లో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. ఆ కేసు వేసిన అబ్బాయి మన ఆంధ్రా ఎస్టీయే. తండ్రి ఉద్యోగం కోసం తొమ్మిదేళ్ళ వయసులో మహారాష్ట్ర వెళ్ళాడు, అక్కడే చదివాడు, మెడిసిన్ సీటు దగ్గర ఎస్టీ కోటా లేదన్నారు. 2014కి ముందు హైదరాబాద్ మన రాష్ట్రంలోదే. మేం వెళ్ళేసరికి వేరే రాష్ట్రం. దీనికి తోడు లోకల్ స్టేటస్. అర్హత పరీక్షకి ముందు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది అందులో ముఖ్యం.

మా పెద్దమ్మాయికి అప్పుడు 11 ఏళ్ళు. గిరిజన గురుకులంలో సీటు వచ్చి ఉంది. హైదరాబాద్ తీసుకెళ్తే ఆ సీటు పోతుంది, అక్కడ మన సర్టిఫికెట్‌తో గురుకులం దొరకదు, ప్రైవేటు ఫీజు కట్టలేం. ఇద్దరం ఒక్క సాయంత్రంలో తేల్చేశాం. పెద్దది గురుకులంలో ఉంటుంది, సెలవులకి అవ్వ దగ్గరికి వస్తుంది. అయిదేళ్ళ చిన్నోడిని మాతో తీసుకెళ్తాం. మేం ఇదంతా మాట్లాడుకుంటుంటే ఆ పిల్ల పక్క గదిలోనే ఉంది. పిలిచి అడగలేదు. నిర్ణయం అయిపోయాక చెప్పాం. "సరే" అంది. మంచి పిల్ల అనుకున్నాం.

డబ్బుల దగ్గర కూడా ఒకటి జరిగింది. కింద నుంచి వచ్చే ఒక వ్యాపారి కాఫీ తోట మీద మూడు లక్షలు ఇస్తానన్నాడు. తెల్ల కాగితం మీద లీజు రాసిస్తే చాలన్నాడు. నిజం చెప్పాలంటే ఒక రాత్రంతా ఆలోచించాం. ఒకటీ డెబ్బై చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి అమ్మడం, లీజుకివ్వడం చెల్లదు. అటవీ హక్కుల పట్టా ఎవరికీ బదలాయించడానికి లేదు. అదంతా సోషల్ పాఠంలో పిల్లలకి చెప్పిన మనిషే మాలో ఉన్నాడు. అయినా ఆలోచించాం. పొద్దున్నే వద్దని చెప్పి, తోట తమ్ముడికి సగం పాలుకి ఇచ్చాం. చీటీ ఎత్తి, మిరియాలు అమ్మి, 1,40,000 రూపాయలు చేతిలో పెట్టుకుని 2019 జూన్‌లో అరకులో కిరండూల్ పాసింజర్, వైజాగ్‌లో గోదావరి ఎక్కాం.

హైదరాబాద్‌లో మొదటి దెబ్బ ఇల్లు. సెమినరీలో ఫ్యామిలీ క్వార్టర్లు ఉన్నాయి, కానీ అవి పెళ్ళయిన మగ విద్యార్థులకి. ఆడ విద్యార్థి అంటే హాస్టలే. భార్య చదువుకి భర్త వెంట వస్తాడని అక్కడ ఎవరూ అనుకున్నట్టు లేదు. బయట రేకుల గది, నెలకి 6,500. మాలో అతను ఒక ప్రైవేటు స్కూల్లో 11,000కి చేరాడు. వంట అతనిదే. పక్కింటివాళ్ళు "మీ ఆయనకి పనేం లేదా?" అని అడిగేవాళ్ళు. ఎవరిమని అడిగితే "ఎస్టీలం" అనేవాళ్ళం. "లంబాడీలా?" అనేవాళ్ళు. కాదు, కొండదొరలం అంటే, "మరి దొరలంటున్నారు, ఎస్టీ అంటున్నారు" అని నవ్వేవాళ్ళు. మేమూ నవ్వేవాళ్ళం, తర్వాత తర్వాత నవ్వడం మానేశాం.

చదువు మాత్రం నిజంగా చదువే. హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాయాలి. తర్వాత గ్రీకు. 34 ఏళ్ళకి మళ్ళీ అక్షరాలు దిద్దడం. రాత్రి ఒకే బల్బు కింద చిన్నోడు అఆలు, వాళ్ళమ్మ హీబ్రూ అక్షరాలు. క్లాసులో నిర్మల్ మింజ్ గురించి విన్నప్పుడు మాలో ఆమె ఇంటికొచ్చి గంట మాట్లాడింది. ఒరావ్ ఆదివాసీ. లూథరన్ బిషప్. రాంచీలో గోస్నర్ కాలేజీ పెట్టి, కుడుఖ్ భాష కోసం జీవితాంతం పనిచేసి, ఆ భాషకే సాహిత్య అకాడమీ భాషా సమ్మాన్ తెచ్చుకున్న మనిషి. దేవుడి మాట మన మాటలో చెప్పాలనుకోవడం మా ఊరి ముసలమ్మ కోరిక మాత్రమే కాదని అప్పుడు తెలిసింది.

ఇంకో సంగతి. హైదరాబాద్‌లోనే ఒక లైబ్రరీలో భద్రిరాజు కృష్ణమూర్తి గారు కూబి భాష మీద రాసిన పుస్తకం చూశాం. 1969లో అచ్చయింది, వేసింది హైదరాబాద్‌లోని గిరిజన పరిశోధన సంస్థ. ఇంగ్లీషులో ఉంది. మా అవ్వ రోజూ పొయ్యి దగ్గర మాట్లాడే మాటలు అందులో ఉన్నాయి. ఇద్దరం బెంచీ మీద కూర్చుని ఒక్కో మాట పైకి చదువుకున్నాం. కొన్ని మాటలు మా ఇద్దరికీ తెలియవు. అవ్వకి ఫోన్ చేసి అడిగితే, "మీకు ఆ మాట ఎవుడు సెప్పేడు?" అని ఆశ్చర్యపోయింది. ఆ రోజు చాలా సంతోషం వేసింది, సిగ్గు కూడా వేసింది. మన మాట నేర్చుకోడానికి ఇంత దూరం రావాల్సి వచ్చిందా అని.

ఎందుకంటే అదే టైములో మా చిన్నోడు ఆ మాట మర్చిపోతున్నాడు. ఆరు నెలల్లో హైదరాబాద్ తెలుగు, సగం హిందీ. ఫోన్లో అవ్వ ఏదో అడిగితే "క్యా?" అన్నాడు. అవ్వ ఫోను పక్కన పెట్టి, "ఈ గుంటడు ఏటంతన్నాడు?" అని మా తమ్ముడిని అడగడం మాకు వినపడింది. అవ్వకి అర్థమయ్యేలా చెప్పడానికి చదువుతున్న ఇంట్లోనే మనవడి మాట అవ్వకి అర్థం కాకుండా పోయింది.

2020 మార్చిలో సెమినరీ మూసేశారు. లాక్‌డౌన్‌కి అయిదు రోజుల ముందు ఊరు చేరాం. పెద్దదీ గురుకులం నుంచి వచ్చేసింది. నలుగురం ఒకే ఇంట్లో. ఆన్‌లైన్ క్లాసులకి సిగ్నల్ ఇంటి దగ్గర లేదు, గుట్ట మీద పనస చెట్టు కింద ఉండేది. మాలో ఆమె గొడుగు పట్టుకుని అక్కడికెళ్ళి గ్రీకు వినేది. పక్కనే కాలేజీ పిల్లలు, డైట్ పిల్లలు. ఆ చెట్టు కింద సగం ఊరు చదివింది.

ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు జీవో 3 కొట్టేసిందని కూడా ఆ చెట్టు కిందే తెలిసింది. ఏజెన్సీలో టీచరు పోస్టులు నూటికి నూరు మనకే అన్న 2000 సంవత్సరం జీవో అది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళని కోర్టు కదపలేదు. కానీ మాలో అతను సీఆర్టీ వదిలేసి ఉన్నాడు. నాలుగేళ్ళయ్యాక వచ్చి డీఎస్సీ రాసుకోవచ్చు, మన పోస్టులు మనకే కదా అన్న ధైర్యంతో వెళ్ళిన మనిషి. ఆ రోజు సాయంత్రం తోటలోకి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చాడు. ఎవర్నీ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది. దీని గురించి మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకున్నది మొన్న ఈ పోస్టు రాసేటప్పుడే.

2021 ఫిబ్రవరి. మళ్ళీ బయలుదేరాలి. పెట్టె సర్దుతుంటే పెద్దది గుమ్మం దగ్గర నిలబడింది. అప్పటికి పన్నెండు దాటాయి. కోపంగా కాదు, మామూలుగా అంది: "మీరు దేవుడి పని మీద వెళ్తన్నారు. నేను సర్టిఫికెట్ పని మీద ఇక్కడున్నాను."

ఇద్దరికీ నోట మాట రాలేదు. మొదటి ఏడాది గురుకులంలో జ్వరం వచ్చి తొమ్మిది రోజులు పడుకుందట. మాకు చెప్పొద్దని అవ్వకి ఒట్టు వేయించుకుందట. అప్పుడు తెలిసింది.

సెమినరీలో రూతు గ్రంథం పాఠం చెప్పినప్పుడు మాలో ఆమెకి ఒక సంగతి తట్టిందట. బెత్లెహేములో కరువొస్తే ఎలీమెలెకు భార్యాపిల్లల్ని తీసుకుని మోయాబు వెళ్ళాడు. వెళ్దామా అని నయోమిని అడిగాడో లేదో అక్కడ రాసి లేదు. పిల్లల్ని అడిగినట్టూ లేదు. అది పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకుంది. ఇంట్లో మాత్రం మేం ఎలీమెలెకులమే. కమిటీని అడిగాం, పెద్దయ్యని అడిగాం, తమ్ముడిని అడిగాం. ఆ వ్యాపారి మాట కూడా కూర్చుని విన్నాం. ఎక్కువ పోగొట్టుకునే పిల్లని అడగలేదు.

ఆ రాత్రి రైలు ఎక్కలేదు. నలుగురం కూర్చున్నాం, అవ్వ కూడా. "ఏం చేద్దాం, నువ్వు చెప్పు" అన్నాం. మానేయమంటుందనుకున్నాం. అనలేదు. "అమ్మ చదవాలి. సగంలో వదిలేస్తే నేను ఇన్నాళ్ళు ఉన్నది ఎందుకు? నాన్న ఇక్కడుండాలి" అంది. చిన్నోడు "నేనూ అవ్వ దగ్గరే" అన్నాడు. అలా మకాం మళ్ళీ మారింది. మాలో ఆమె ఒక్కతే హాస్టల్‌కి వెళ్ళింది. మాలో అతను ఊళ్ళో ఉండి కాఫీ చూసుకుంటూ పిల్లల్ని చూసుకున్నాడు. రెండో ఆదివారం గురుకులానికి వెళ్ళి కూతుర్ని చూసేవాడు. ఖర్చు తగ్గింది. ఒంటరితనం పెరిగింది. ఆ రెండేళ్ళే మాకు కష్టం, కానీ అందరం ఒప్పుకున్న కష్టం. రెండింటికీ తేడా ఉంది.

2023లో కోర్సు అయింది. వెళ్ళినప్పుడు మాది విశాఖపట్నం జిల్లా, వచ్చేసరికి అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇప్పుడు ఎలా ఉన్నామో దాచకుండా చెప్తాం. మాలో ఆమెకి ఇంకా పాస్టరుగా అభిషేకం కాలేదు. "చూద్దాం" అంటున్నారు. మూడు ఊళ్ళలో స్త్రీల మధ్య పని ఇచ్చారు. వచ్చేది ఏఎన్ఎం జీతంలో సగం కూడా కాదు. మాలో అతను ఒక స్కూల్లో గంటల లెక్కన పాఠాలు చెప్తున్నాడు. డబ్బు లెక్కలో ఓడిపోయాం, అందులో అనుమానం లేదు.

కానీ ఆదివారం వాక్యం తెలుగులో చదివి, తర్వాత కూబిలో చెప్తుంది. మొదట్లో ముసలమ్మలు మధ్యలో ఆపి, "అలగ కాదమ్మా, ఇలగ" అని ఉచ్చారణ సరిచేసేవాళ్ళు. ప్రసంగం కాస్తా క్లాసయిపోయేది, అందరూ నవ్వేవాళ్ళు. పోయిన ఏడాది మా అవ్వ చనిపోయింది. ఆ రోజు ప్రార్థన, ఓదార్పు అంతా మాలో ఆమే కూబిలో చెప్పింది. పెద్దయ్య వెనక కూర్చుని విన్నాడు. ఆయన పద్ధతి ఆయన చేసుకున్నాడు. అయ్యాక ఎవరూ వచ్చి ఏమన్నారని అడగలేదు. మేం వెళ్ళింది దానికే.

కాబట్టి ఆ తమ్ముడికీ, మీలో ఇలా కదలబోతున్న వాళ్ళకీ మేం చెప్పేది ఇదీ. వెళ్ళొద్దని మేం అనం. కదిలే ముందే కుల సర్టిఫికెట్లు, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ తీసుకుని పెట్టుకోండి. అదే రాష్ట్రంలో మారడం వేరు, గీత దాటడం వేరు, పిల్లలు ఏ క్లాసులో ఉన్నారో లెక్క వేసుకోండి. భూమి ఎవరికీ తెల్ల కాగితం మీద రాయకండి, మన అనుకున్న వాళ్ళకి పాలుకి ఇవ్వండి. ఉద్యోగం వదిలే ముందు, తిరిగొచ్చేసరికి రూలు అదే ఉంటుందని నమ్ముకోకండి. పిల్లలతో ఇంట్లో మన మాటే మాట్లాడండి, లేకపోతే ఆరు నెలలు చాలు. అన్నిటికంటే ముందు, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి అడగండి. చిన్నపిల్లలకి ఏం తెలుసు అనుకోకండి. వాళ్ళు "సరే" అంటే అది ఒప్పుకోవడమో, చెప్పుకోలేకపోవడమో కూడా చూడండి.

మా పెద్దది ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. నర్సింగ్ చదువుతానంటోంది, వైజాగ్‌లో. మొన్న రాత్రి అన్నాలయ్యాక మమ్మల్నందరినీ కూర్చోమంది. ఫీజు, హాస్టలు, దూరం అన్నీ తనే చెప్పింది. తర్వాత మమ్మల్ని వదిలేసి తమ్ముడి వైపు తిరిగి, "నేను వెళ్ళిపోతే నీకేటి ఇబ్బంది, సెప్పు" అని అడిగింది. వాడు కాసేపు ఆలోచించి, "సైకిల్ నాకిచ్చేస్తే వెళ్ళు" అన్నాడు. ఇస్తానంది.

కాగితాల గురించి ఎవరికైనా అనుమానం ఉంటే మమ్మల్ని అడగండి, తెలిసినంత చెప్తాం.

జై ఆదివాసీ.